మూడో మజిలీలో అడిగిన మాట

ఇచ్చోడ,
జనవరి 8

బిడ్డా మహిమా,

పెద్దపల్లి పశువుల దవాఖానలో కుర్చీ ఎక్కాక ఈ ముసలి కంపౌండర్ నీకు గుర్తుంటాడా అనుకున్నాను. క్రిస్మస్‌కు కేకు వచ్చింది కాబట్టి గుర్తున్నట్టే. మీ పెద్దమ్మ పోయాక ఈ ఇంట్లోకి కేకు రావడం ఇదే మొదటిసారి. కొంచెం మాడింది, అయినా మొత్తం తిన్నాను.

అసలు సంగతి. భైంసా అవతల జరిగే బండ్ల పందెం నీకు చెప్తూనే ఉంటాను కదా. మూడు దినాలు, నాలుగు మజిలీలు, తొంభై కిలోమీటర్ల నల్లరేగడి బాట. పత్తి ఏరడం అయిపోగానే ఫిబ్రవరిలో పెడతారు. ఇరవై రెండేళ్ల నుంచి ప్రతి మజిలీలో ఎడ్లను నేనే చూస్తున్నాను. ఒక్క పైసా తీసుకోలేదు. ఈసారి డాక్టరు సంతకం లేకపోతే అనుమతి లేదన్నారట. కంపౌండర్ సంతకం చెల్లదు. కమిటీ పెద్ద హనుమంతు పటేల్ మా ఇంటికి వచ్చి, మీ తమ్ముని బిడ్డను పిలవమని కాగితం మీద రాసి మరీ ఇచ్చిపోయాడు. నాలుగు దినాలు సెలవు పెట్టి రా. జీతం ఉండదు. జొన్నరొట్టె, పుంటికూర ఉంటాయి.

అక్కడి పద్ధతి ఒకటి ముందే తెలుసుకో. డాక్టరు ఎద్దును ఆపితే ఎవరికీ చిన్నతనం కాదు. ఎద్దు కొమ్ముకు ఎర్రగుడ్డ కట్టి, బండివానికి బెల్లం తినిపించి, డప్పులతో పంపిస్తారు. బండివాడు తనంతట తానే నావల్ల కాదని దిగిపోతే మాత్రం ఎడ్ల మీది కాడి తీసి తన మెడ మీద పెట్టుకొని సొంత ఊరి దాకా నడవాలి. దారి పొడుగునా జనం చూస్తుంటారు. అందుకే అక్కడ మన మాటకు అంత విలువ.

ఫోన్ చేయకు, మా ఇంటి దగ్గర టవర్ అందదు. ఉత్తరమే రాయి.

మీ పెద్దబాపు,
సీమోను

*

పెద్దపల్లి,
జనవరి 17

పెద్దబాపుకు మహిమ వందనాలు.

కేకు మాడలేదు, దాని రంగే అంత. ఇచ్చోడలో ఇల్లిల్లూ సెల్‌ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే నీ ఒక్క ఇంటికే టవర్ ఎందుకు అందదో నాకు అర్థం కాదు. సరేలే, నీ చేతిరాత చూస్తే నాకూ బాగానే ఉంటుంది. దవాఖానలో అందరూ నవ్వుతారు, ఈ కాలంలో ఇన్‌లాండ్ కవరు ఎవరు రాస్తారమ్మా అని.

వస్తాను. నాలుగు దినాలు సెలవు పెట్టాను. బాపు చనిపోయాక నన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకొని ఊరూరా తిప్పింది నువ్వు. ఆవు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, దాని గొట్టాలు నా చెవుల్లో పెట్టి, 'విను, లోపల ఉరుముతుంది' అన్నావు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. డాక్టరు కావాలని ఆ రోజే అనుకున్నాను. నువ్వు పిలిస్తే రాకుండా ఉంటానా?

ఒక్క షరతు. నేను ఆపమంటే ఆపాల్సిందే. హనుమంతు పటేల్ వచ్చి 'జర చూడు మేడం, మనోళ్ల బండే' అంటే నాకు ఒళ్లు మండుతుంది. ముందే చెప్పి పెట్టు.

మహిమ

*

పెద్దపల్లి,
ఫిబ్రవరి 20

పెద్దబాపూ,

ఆ బండివాడి దహనం దగ్గర నువ్వు నన్ను చూసి తల తిప్పుకున్నావు. నేనూ దగ్గరికి రాలేకపోయాను. నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను, నీకు తెలిసింది నువ్వు రాయి.

రెండో మజిలీలో బండి నొగ గుచ్చుకొని ఒక ఎద్దు పొట్ట చీరుకుపోయింది. కుట్లు వేయడానికి నేను అక్కడే ఆగిపోయాను. మిగిలిన పదకొండు జోడీల అనుమతి చిట్టీల మీద ముందే సంతకాలు పెట్టి నీ చేతికిచ్చాను. 'నువ్వు చూసి, బాగున్నవాటికి ఇవ్వు, సాయంత్రానికి నేను వస్తా' అన్నాను. థర్మామీటరు ఉన్న సంచీ కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఇది నా తప్పు, చిన్న తప్పు కాదు.

మూడో మజిలీలో పదకొండు చిట్టీలూ ఇచ్చేశావు. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు పోయాక వాగు దిగుడులో లక్ష్మణ్ బండికి కట్టిన సర్జా అనే ఎద్దు ముందరి కాళ్ల మీద కూలిపోయింది. బండి ఎద్దు మీదికీ లక్ష్మణ్ మీదికీ ఒరిగింది. ఎద్దూ చచ్చింది, లక్ష్మణ్ కూడా చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. దుబాయ్ నుంచి తిరిగొచ్చి ఏడాది కాలేదు.

ఎద్దును నేనే కోసి చూశాను. రెండు ఊపిరితిత్తులూ కాలేయంలా గట్టిపడి ఉన్నాయి. ముక్క కోసి బకెట్ నీళ్లలో వేస్తే మునిగిపోయింది. అది ఒక్క పూటలో వచ్చే జబ్బు కాదు. కనీసం రెండు దినాలది. మెడ మీద, తొడ మీద ఎక్కడా సూది గుచ్చిన జాడ లేదు.

కానీ ఊళ్లో ఏమంటున్నారో విన్నావా? గెలవాలనే ఆశతో లక్ష్మణ్ ఎద్దుకు సూది మందు పొడిచాడని, దానివల్లే అది కూలిందని. హనుమంతు పటేల్ నిన్న ఫోన్ చేసి అదే రిపోర్టు రాయమన్నాడు. 'పోయినోడు ఎట్లాగూ పోయిండు మేడం, ఉన్నోళ్లం పరేషాన్ గావొద్దు' అన్నాడు.

అలా రాస్తే నా ఉద్యోగానికి ఢోకా లేదు. చనిపోయినవాడు పశువును చంపినవాడిగా మిగులుతాడు. రాయకపోతే ఆ చిట్టీ మీద ఉన్నది నా సంతకం.

ఒక్కటే అడుగుతున్నాను. సర్జా రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి విన్నావా?

మహిమ

*

ఇచ్చోడ,
ఫిబ్రవరి 27

మహిమకు,

ముప్పై ఆరేళ్లు చేశాను ఈ పని. నువ్వు పుట్టకముందు నుంచి. నన్ను ఇట్లా అడిగే రోజు వస్తుందనుకోలేదు.

పెట్టాను. విన్నాను. రెండు వైపులా విన్నాను. శుభ్రంగా ఉంది. ఆ తర్వాత బాటలో వాడు ఏం పొడిచాడో, ఏం తాగించాడో నాకేం తెలుసు? దుబాయ్ పోయి వచ్చిన పోరగాళ్లకు అన్నీ తొందరే. సూది జాడ కనపడకుండా పొడవడం కూడా తెలుసు వాళ్లకు.

హనుమంతు చెప్పినట్టు రాసెయ్. నీకు ఇంకా ఇరవై ఐదేళ్లకు పైనే సర్వీసు ఉంది. మీ బాపు వెస్లీ చనిపోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని నిన్ను అప్పజెప్పాడు. నువ్వు రోడ్డున పడితే రేపు నేను వాడికేం జవాబు చెప్పాలి? చనిపోయినవాడికి ఉద్యోగం అవసరం లేదు. ఈ మాట కఠినంగా ఉందని నాకు తెలుసు.

ఆ ఎద్దును ఇక తవ్వకు.

సీమోను

*

పెద్దపల్లి,
మార్చి 10

పెద్దబాపూ,

మొన్న శుక్రవారం దవాఖాన తెరిచేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. మూడు బస్సులు మారి వచ్చిందట. లక్ష్మణ్ భార్య రమ. మజిలీ మజిలీకి ట్రాక్టర్‌లో సద్ది తెచ్చిన ఆడవాళ్లలో ఆమె కూడా ఉంది. నువ్వు చూసే ఉంటావు, ఆకుపచ్చ చీర.

టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

'మేడం, సర్జా రెండో దినం నుంచే దగ్గుతుండె. కుడితి ముట్టలే. మా ఆయన పరేషాన్ అయిండు. తనంతట తను దిగిపోతే కాడి మెడ మీద ఏసుకోవాలె. మా మామ మొండయ్య ఒకపారి అట్లనే నడిచిండు. సచ్చేదాక కాడి మొండయ్య అనే పిలిచిండ్రు. గందుకే మా ఆయన డాక్టర్ సారే ఆపాలె అనుకున్నడు. మూడో మజిలీల పెద్దసారు ఎద్దు కాడికి వచ్చినప్పుడు నేను నీళ్ల బిందె పట్టుకొని పక్కకే ఉన్న. నలుగురికి ఇనబడకుంట మెల్లగ చెప్పిండు. సార్, ఎద్దుకు పానం మంచిగ లేదు, మీరే ఆపుండ్రి, మీ కాళ్లు మొక్కుత అన్నడు. ఒకపారి గాదు, మూడుపార్లు. పెద్దసారు నవ్విండు. మంచిదే బిడ్డా మంచిదే అని చిట్టీ చేతుల పెట్టిండు. మా ఆయన మొఖం గట్లనే ఉండిపోయింది. డాక్టరోళ్లకే తెలుస్తది కావొచ్చు, పోదాం పా అన్నడు. గదే ఆయన నాతోని మాట్లాడిన ఆఖరి మాట.'

ఇంత చెప్పి ఆమె ఏడవలేదు. 'గిప్పుడు మా ఆయననే సూది పొడిచిండు అంటున్నరు. నేను చెప్తే పెండ్లాం గాబట్టి చెప్తుంది అంటున్నరు. మీరన్నా చెప్పుండ్రి మేడం' అంది.

ఆమె వెళ్లిపోయాక నేను మందుల గదిలో తలుపు వేసుకొని కూర్చున్నాను. ఒక మనిషి మూడుసార్లు కాళ్లు మొక్కుతానంటే నువ్వు నవ్వే మనిషివి కావు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, కావు. టవర్ అందదంటావు. కాగితం మీద రాసి ఇచ్చిపోయాడంటావు. పందెంలో నేను వెనక నుంచి పిలిస్తే ఒక్కసారి కూడా తిరగలేదు. డప్పుల మోత అనుకున్నాను.

పెద్దబాపూ, నీకు చెవులు వినపడతాయా?

నిజం రాయి. ఈసారి అబద్ధం రాస్తే నీకు ఇదే నా చివరి ఉత్తరం.

మహిమ

*

ఇచ్చోడ,
మార్చి 17

బిడ్డా,

వినపడవు.

ఈ ఒక్క మాట రాయడానికి వారం పట్టింది. నాలుగేళ్ల కింద ఎడమ చెవి పోయింది. మీ పెద్దమ్మ ఉన్నప్పుడు ఆమె గట్టిగా అరిచి చెప్పేది, ఎవరికీ తెలియనివ్వలేదు. ఆమె పోయాక కుడిది కూడా పోయింది. చర్చిలో అందరి నోళ్లూ చూసి పాడతాను. ఎప్పుడూ ఒక చరణం వెనకే ఉంటాను. పాస్టరు గారు ముసలితనం అనుకుంటారు. కొట్టుకు పోతే కావలసింది వేలితో చూపిస్తాను. ఎవరైనా ఏదైనా అంటే తల ఊపి 'మంచిదే' అంటాను. నూటికి తొంభై సార్లు సరిపోతుంది. నీకు ఫోన్ చేయవద్దన్నది అందుకే.

స్టెతస్కోపు పెడితే నా తలలోని హోరు తప్ప ఏమీ రాదు. అయినా పెడతాను. పెట్టకపోతే జనం అడుగుతారు. చేతితో పక్కటెముకలు తడిమి, ముక్కు చెమ్మ చూసి, కళ్లు చూసి చెప్తాను. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను, ఏ ఎద్దుకూ ఏమీ కాలేదు. సర్జా ఒళ్లు కాలుతూ ఉంది. ఎండలో వచ్చింది కదా అనుకున్నాను. పదకొండు జోడీలు, వెనక నుంచి హనుమంతు తొందర.

లక్ష్మణ్ పెదవులు కదలడం చూశాను. అక్కడ బండివాళ్లందరూ అడిగేది ఒక్కటే, తొందరగా ఇవ్వమని. వీడూ అదే అడుగుతున్నాడనుకున్నాను. వాడి కళ్లు చూడలేదు. చిట్టీ అందిస్తూ పెదవులే చూశాను. అందుకే నవ్వాను బిడ్డా. ధైర్యం చెప్దామని నవ్వాను.

నీకు అబద్ధం రాశాను. చచ్చినవాడి మీద మన్ను పోశాను. నా చెవుల సంగతి నలుగురికీ తెలిస్తే రేపటి నుంచి నన్ను ఎవరూ ఎద్దు దగ్గరికి రానివ్వరు. అప్పుడు నేనెవరిని? ఆ భయమే ఇంత చేసింది.

రిపోర్టులో నీకు తోచింది రాయి. రమ దగ్గరికి నేనే పోతాను.

సీమోను

*

పెద్దపల్లి,
మార్చి 22

పెద్దబాపూ,

నీ ఉత్తరం చదివి కోపంతో అవతల పడేశాను. తర్వాత ఏడ్చాను. ఒక్క మాట నాకు చెప్పి ఉంటే ఆ చిట్టీలు నీ చేతిలో పెట్టేదాన్ని కాదు. నాకే చెప్పలేకపోయావా?

రిపోర్టు పంపించేశాను. ఎద్దుకు ముందు నుంచే జబ్బు ఉందని, సూది జాడ లేదని, నేను చూడకుండానే చిట్టీ మీద సంతకం పెట్టానని రాశాను. నీ చెవుల సంగతి రాయలేదు. అది నీ నోటితో నువ్వు చెప్పాల్సింది. నాకు మెమో వచ్చింది. సస్పెన్షన్ కూడా వస్తుందని పెద్ద గుమాస్తా చెవిలో చెప్పాడు.

కానీ కాగితం భైంసా అవతలి ఊరికి చేరదు. ఫైల్లో ఉంటుంది. ఊళ్లో ఇంకా లక్ష్మణ్ పేరే నానుతోంది. నువ్వు పోయి చెప్పు. ఆలస్యం చేయకు.

మహిమ

*

ఇచ్చోడ,
ఏప్రిల్ 3

బిడ్డా మహిమా,

పోయి వచ్చాను. మొన్న మంగళవారం.

రమ వాకిట్లో పత్తికట్టె విరుస్తూ ఉంది. అత్త కొమురవ్వ ఇంట్లో లేదు. నేను అరుగు మీద కూర్చోలేదు, నిలబడే చెప్పాను. ఎద్దుకు బాగాలేదమ్మా, నేను సరిగ్గా చూడకుండా పంపాను, మీ ఆయన తప్పు ఏమీ లేదు, అంతా నాదే అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకే తెలియదు. పక్కింటి కుక్క లేచి చూసింది.

చెవుల మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్దామనే పోయాను. ఆమె ముఖం చూశాక, నాకు వినపడలేదమ్మా అంటే తప్పించుకోవడానికి సాకు చెప్తున్నట్టు ఉంటుందనిపించింది. నిజం చెప్పాలంటే సిగ్గు కూడా.

ఆమె కట్టె కింద పడేసి చాలాసేపు మాట్లాడింది. చెయ్యి ఎత్తి ఊరి వైపు చూపించింది. కళ్లు తుడుచుకుంది. మధ్యలో రెండుసార్లు ఆగి నా ముఖంలోకి చూసింది. తిడుతోందనుకున్నాను. తిట్టనీ, నాకు తగిందే అనుకొని తల వంచుకొని ఊపుతూ నిలబడ్డాను. ఆఖరికి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ నీళ్లు ఇచ్చిందంటే క్షమించిందేమో అని ఒకపక్క ఆశ. రెండు రాత్రులుగా కొంచెం నిద్ర పడుతోంది. కానీ ఆమె ఏమందో తెలియక మనసు ఆగడం లేదు. నువ్వు ఎప్పుడైనా అటు పోతే అడిగి నాకు రాస్తావా?

మీ పెద్దబాపు,
సీమోను

*

భైంసా బస్టాండు,
ఏప్రిల్ 16

పెద్దబాపూ,

సస్పెన్షన్ ఉత్తర్వు సోమవారం చేతికొచ్చింది. ఇంట్లో కూర్చోలేక ఈరోజు రమ ఊరికి పోయాను. అడిగాను. బస్సుకు ఇంకా గంట ఉంది, ఇక్కడి బల్ల మీదే రాస్తున్నాను.

నిన్ను ఆమె తిట్టలేదు. ఆ రోజు ఆమె నీతో అన్నది ఇది.

'గీ మాట నాకు చెప్తె ఏం ఫాయిద సార్? నాకు ముందుగాలనే తెలుసు. వచ్చే సోమారం అంగడి నాడు కమిటీ గద్దె కాడికి వచ్చి అందరి ముంగట చెప్పుండ్రి. నా మొగని మీద ఏసిన మన్ను మీరే తియ్యాలె. వస్తరా?'

నువ్వు తల ఊపావు.

'తప్పకుంట వస్తరా సార్? నేను ఊరంతా పిలుచుకుంట' అంది. నువ్వు మళ్లీ తల ఊపి 'మంచిదే బిడ్డా' అన్నావు. అందుకే నీకు నీళ్లు ఇచ్చింది.

ఏడో తారీఖు సోమవారం ఆమె ఊరంతా పిలుచుకుంది. కొమురవ్వను వెంట తెచ్చి గద్దె ముందు కూర్చోబెట్టింది. తన తల్లిగారి ఊరి నుంచి కూడా మనుషులను రప్పించింది. పొద్దున నుంచి అంగడి లేచిపోయే దాకా కూర్చున్నారు. నువ్వు రాలేదు. హనుమంతు పటేల్ గద్దె ఎక్కి, 'ముసలాయన నీతోని నిజంగనే చెప్పిండా, కలల చెప్పిండా?' అన్నాడట. జనం నవ్వారట. అత్త ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం లేదు. నలుగురిలో కొడుకు పేరు ఇంకోసారి తీయించిందని. ఇంతకుముందు మొగుని కోసం చెప్తోంది అన్నవాళ్లు ఇప్పుడు అబద్ధాలు పుట్టిస్తోంది అంటున్నారు. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, 'పెద్దసారుకు పానం మంచిగ లేదా మేడం?' అని. జబ్బు పడి ఉంటావని అనుకుందట.

ఆమెకు నీ చెవుల సంగతి నేను చెప్పలేదు. నేను చెప్తే నువ్వు ఇంకొకసారి తప్పించుకున్నట్టే.

వచ్చే సోమవారం అంగడి ఉంది. ఆదివారం సాయంత్రం నేను ఇచ్చోడ వస్తాను. సోమవారం తెల్లవారగానే మొదటి బస్సుకు ఇద్దరం పోదాం. గద్దె మీద నిలబడి ముందు నీకు వినపడదని చెప్పు. తర్వాత లక్ష్మణ్ నిన్ను ఏమడిగాడో, నువ్వేమిచ్చావో చెప్పు. ఆ తర్వాత ముందే సంతకం పెట్టిన మనిషిగా నేను చెప్తాను. వాళ్లు ఊరుకోరు. హనుమంతు అంటాడు, కొమురవ్వ అంటుంది, రమ కూడా అంటుంది. నేను నీ పక్కనే కూర్చొని ఒక్క మాట వదలకుండా పెద్ద అక్షరాలతో రాసి నీ ముందు పెడతాను. నువ్వు అన్నీ చదవాలి. చదివి, జవాబు చెప్పాలి. చదవకుండా తల ఊపితే నేను చెయ్యి పట్టుకొని ఆపుతాను.

మహిమ